పదుల ఇంటి అప్పు

మార్కాపురం దాటినాక ఏడో కిలోమీటరు రాయి దగ్గర
బస్సు నన్ను దించేసి తన దుమ్ములో తనే మాయమవుతుంది.
అక్కణ్ణుంచి నడక.
దారికి రెండు పక్కలా పలకరాయి గుట్టలు,
పనికిరావని పారబోసిన నల్లటి పెళ్లలు.
వాన పడితే ఒక్క పూట నీలంగా మెరుస్తాయి.
వాన పడేదెప్పుడులే.

బడి తాళం సంగతి నాకంటే గురవయ్యకే బాగా తెలుసు.
"అట్టా కాదు టీచరూ, కొంచెం పైకెత్తి తిప్పాల."
వాడికి వాళ్ల తాత పేరు పెట్టారు, నడక కూడా ఆయనదే వచ్చింది.
చేతులు వెనక్కి కట్టుకుని బడి చుట్టూ ఒక తిప్పు తిరిగి
మేకపిల్లలేమన్నా దూరాయేమో చూసొస్తాడు.

పదిహేడు మంది. అయిదు తరగతులు. రెండు గదులు. నేను.
హాజరు ఫోన్లో వెయ్యాలంటే గుట్టెక్కాలి,
అక్కడే ఒక గీత సిగ్నలు తగులుతుంది.
నేను పైన నిలబడి ఫోను ఆకాశానికి చూపిస్తుంటే
కింద వరండాలో ఒకటో తరగతి
'ఋ'కి ఎన్ని మెలికలో తేల్చుకోలేక కొట్లాడుకుంటూ ఉంటుంది.

ఇక్కడ దేనికైనా కరువుందేమో గానీ పలకలకి లేదు.
నాన్నలు కోసినవి, అమ్మలు అంచులు నున్నగా రుద్దినవి,
చెక్క బిగించకముందే మూల విరిగినవి
ఇంటికో అరడజను.
జోయెల్ పలకకి మూడే మూలలు.
అందుకే వాడి అంకెలన్నీ ఎడమపక్కకి నక్కి కూర్చుంటాయి,
చలికి ముడుచుకున్నట్టు.

ఆ వేళ మూడో తరగతికి తీసివేతలు.
నలభై రెండులోంచి పదిహేడు.
రెండులోంచి ఏడు పోదు గదా, ఏం చేద్దాం?
పక్కనే పదుల ఇల్లుంది, పోయి ఒక పది అప్పు తెచ్చుకుందాం
అన్నాను, ఇరవై ఏళ్లుగా అంటున్నట్టే.
అందరూ తెచ్చుకున్నారు.
నాగూర్‌బీ తేలేదు.
బలపం చెవి మీద పెట్టుకుని, వడ్రంగిలాగా కాసేపు ఆలోచించి
"మళ్లా ఎప్పుడియ్యాల టీచరూ?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
"లెక్కల్లో ఇయ్యక్కర్లేదమ్మా."
ఆ పిల్ల నన్నొక చూపు చూసింది.
గురువారం గురువారం బండి మీదొచ్చే వారం వడ్డీ అబ్బాయికి
"మా అమ్మ ఇంట్లో లేదు" అని తను చెప్పినప్పుడు
అతను చూసే చూపు.

అన్నం గంట. గుడ్డు రోజు.
కోటమ్మ గుడ్లని రెండుసార్లు లెక్కపెట్టింది.
"పగిలింది నాకెయ్యి అవ్వా, లోపలికి ఉప్పు పడతాది" అన్నాడు గురవయ్య.
కడిగిన పళ్లేలు ఎండలో బోర్లించాక
నిద్రమొహాలతో మళ్లీ కూర్చున్నారు.

సరిచూడ్డం.
వచ్చింది ఇరవై అయిదు. దానికి పదిహేడు కలపండి,
మొదటికొస్తే లెక్క రైటు.
అయిదూ ఏడూ పన్నెండు.
రెండు ఇక్కడ పెట్టి, ఒకటి పక్కింటికి
అంటూ రాస్తున్న నాగూర్‌బీ చెయ్యి ఆగింది.
మోచేత్తో తుడిచేసి మళ్లీ వేసింది.
మళ్లీ అదే ఒకటి,
అదే పదుల ఇంటి గడపలో.

"ఇచ్చేసింది."

నాతో కాదు, ఎవరితోనూ కాదు.
పలక బోర్లించి మంచినీళ్లకి లేచిపోయింది.

ఆ ఇంట్లోంచి ఇప్పటికి ఎన్ని వేల పదులు
ఎంతమంది పిల్లల చేత తెప్పించానో.
తిరిగి ఇస్తూనే ఉన్నామని
నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.
సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు
పొడుగ్గా, ఊరికే నిలబడ్డాను.
వెనక జోయెల్ ఎవరి బలపమో కొరుకుతున్న చప్పుడు.

నాలుగింటికి తాళం వేశాను,
కొంచెం పైకెత్తి.
గురవయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు.
"ఇప్పుడొచ్చింది టీచరూ నీకు."